వంద కోళ్ల మందు సీసా

(ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం, మన హాస్టల్ పూర్వ విద్యార్థిని)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన హాస్టల్ చెల్లెళ్లు అడిగారు. కవిత రాయాలా, కథ రాయాలా అంటే, "అవి మేమే రాస్తున్నం అక్కా! నువ్వు చదివిన చదువుల నుంచి మాకు పనికొచ్చేది ఏదన్న రాయి" అన్నారు. మంచి మాట. మా జంతుశాస్త్రం పుస్తకాలలో తిమింగలం ఉంది, ధ్రువపు ఎలుగుబంటి ఉంది, ఆస్ట్రేలియాలో గుడ్లు పెట్టే క్షీరదం కూడా ఉంది. కాని సెలవులకు మీరూ నేనూ పోయే ఇండ్లలో ఉండేవి కోళ్లు. కావున ఈ వ్యాసం కోళ్ల గురించి, వాటికి వచ్చే తెగుళ్ల గురించి. నవ్వుకునేవారు నవ్వుకోండి, కాని చివరిదాకా చదవండి. ఎందుకంటే మనలో చాలామంది ఈ హాస్టల్ గడప తొక్కింది ఏదో ఒక కోడి పుణ్యమా అని!

కోడి అమ్మి కొన్న ట్రంకు పెట్టె

మాది ఎల్లంతకుంట మండలంలో ఒక చిన్న ఊరు. బాపు కూలికి పోతాడు. అవ్వ బీడీలు చేస్తుంది. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతిలో పట్టుకున్న మొదటి మనిషిని నేనే. నాయినమ్మకు అక్షరం ముక్క రాదు. కాని కోళ్ల లెక్క మాత్రం వేలి కణుపుల మీద ఉంటుంది. ఏ పెట్ట ఎన్నడు పొదుగుకు కూర్చుంది, కింద ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని మురిగినయి, 21 రోజులు ఎప్పటికి నిండుతాయి, అన్నీ నోటికి చెప్పేది.

నేను ఆరో తరగతిలో హాస్టల్‌లో చేరేటప్పుడు ట్రంకు పెట్టె, తాళం, రెండు దుప్పట్లు కొనాల్సి వచ్చింది. నాయినమ్మ రెండు పుంజులను అంగడికి తీసుకుపోయి, ట్రంకు పెట్టెతో తిరిగి వచ్చింది. పదో తరగతి పరీక్ష ఫీజు ఒక పెట్ట. కళ్లద్దాలు రెండు పెట్టలు. అవ్వకు జ్వరం వచ్చి దవాఖానకు పోతే ఆటో కిరాయి ఒక పుంజు. ఇంట్లో మగవాళ్ల చేతికి వచ్చే కూలి పైసలు దేనికి పోతాయో మీకు తెలుసు. అప్పులకు పోతాయి, బియ్యానికి పోతాయి, ఇంకా దేనికో పోతాయి. ఆడవాళ్లు ఎవరినీ చేయి చాపి అడగకుండా ఖర్చు పెట్టుకోగలిగినవి గంప కింది పైసలే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఉన్న కోళ్లు, బాతులు అన్నీ కలిపి 85 కోట్లు. అందులో దాదాపు 31.7 కోట్లు పెరటిలో పెరిగేవే. అంతకు ముందటి గణనతో పోల్చితే పెరటి కోళ్లు దాదాపు 46 శాతం పెరిగాయి. షెడ్లలో పెరిగే కోళ్లకు డాక్టరు ఉంటాడు, టీకాల పట్టిక ఉంటుంది, బీమా ఉంటుంది. పెరటి కోడికి ఎవరున్నారు? నాయినమ్మ ఉంది, పసుపు ఉంది, ఎల్లిపాయ ఉంది. అంతే!

ఎనిమిది రోజులలో ఖాళీ అయిన గంప

2019 మార్చి. నేను ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వచ్చాను. అప్పుడు మా ఇంట్లో 14 పెట్టలు, 2 పుంజులు, ఇరవై పైచిలుకు పిల్లలు ఉన్నాయి. వాటిని అమ్మి నా రెండో సంవత్సరం పుస్తకాలు, ఫీజు కట్టాలని నాయినమ్మ ఆలోచన.

మొదటి రోజు ఒక పెట్ట మేతకు రాలేదు. ఈకలు ఉబ్బించుకొని, కళ్లు మూసుకొని గోడ మూలకు నిలబడింది. రెండో రోజు పచ్చగా, నీళ్లలాగా పారింది. ఇంకో రెండు కోళ్లు నోరు తెరిచి గురగుర శబ్దంతో ఊపిరి తీస్తున్నాయి. నాలుగో రోజుకు ఒక పుంజు మెడ మెలికపడి, తల ఆకాశం వైపు తిరిగిపోయింది. గింజ కనపడుతుంది, పొడవబోతే ముక్కు ఇంకో చోట పడుతుంది. "ఏం రోగమో బిడ్డా, మెడలు తిప్పుతున్నయి" అని నాయినమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పసుపు నీళ్లు తాగించింది, ఎల్లిపాయ నూరి పోసింది. మందుల దుకాణం నుంచి మనుషులకు వేసే గొట్టం మాత్రలు తెచ్చి, పొడి విప్పి అన్నంలో కలిపి పెట్టింది. ఏదీ పనిచేయలేదు. ఎనిమిదో రోజుకు ఒక ముసలి పెట్ట, రెండు పిల్లలు మిగిలాయి.

వాడలో అందరి పరిస్థితీ అంతే. అయితే ఆ ఎనిమిది రోజులలో ఇంకొకటి జరిగింది. చచ్చేలోపు నాలుగు పైసలన్నా వస్తాయని కొందరు తూలుతున్న కోళ్లను సగం ధరకు అంగడిలో అమ్మారు. కొందరు కోసుకొని చుట్టాలకు పంపారు. చచ్చిన వాటిని కొందరు చెరువు కట్ట కింద పారేశారు. కుక్కలు, కాకులు వాటిని ఇంటింటికీ మోశాయి. వారం తిరిగేసరికి పక్క ఊర్లో కూడా కోళ్లు తూలుతున్నాయని కబురు వచ్చింది. ఆ ఏడు అవ్వ రాత్రి పన్నెండింటి దాకా బీడీలు చేసింది. నా పుస్తకాలు అట్లా వచ్చాయి.

కొక్కెర తెగులు అంటే ఏమిటి?

మన వైపు దీన్ని కొక్కెర తెగులు, కొక్కెర రోగం అంటారు. పుస్తకాలలో రాణిఖేత్ వ్యాధి అని, న్యూకాజిల్ వ్యాధి అని ఉంటుంది. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణం దగ్గర, అదే ఏడు జావా దీవిలో దీన్ని గుర్తించారు. కొద్ది కాలానికే మన దేశంలో కుమావు కొండలలోని రాణిఖేత్ దగ్గర కనిపించింది. ఆ ఊరి పేరే మన దేశంలో ఈ రోగానికి నిలిచిపోయింది.

ఇది వైరస్ వల్ల వచ్చే రోగం. ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి చెల్లెళ్లూ! బాక్టీరియాను చంపే గొట్టం మాత్రలు వైరస్‌ను చంపలేవు. నాయినమ్మ మందు పనిచేయకపోవడానికి కారణం ఆమె ఆలస్యం చేయడం కాదు, దేవతకు కోపం రావడం కాదు. రోగం వచ్చిన తరువాత దీనికి మందే లేదు. టీకా వేయని కోళ్లలోకి గట్టి రకం వైరస్ వస్తే నూటికి తొంభై, ఒక్కోసారి నూటికి నూరు కూడా చనిపోతాయి.

వైరస్ ఒంట్లోకి పోయిన తరువాత లక్షణాలు బయటపడడానికి సాధారణంగా అయిదారు రోజులు పడుతుంది. ఒక్కోసారి రెండు రోజులే చాలు, ఒక్కోసారి పదిహేను రోజుల దాకా కూడా పట్టవచ్చు. అంటే అంగడిలో చలాకీగా కనిపించే కోడి కూడా రోగాన్ని మోసుకొని రావచ్చు. రోగపు కోడి రెట్టలో, చీమిడిలో, నోటి నీళ్లలో వైరస్ ఉంటుంది. అది మేత గిన్నెకు అంటుకుంటుంది, గంపకు అంటుకుంటుంది, మన చెప్పులకు అంటుకుంటుంది, కోళ్ల బేరగాడి సైకిలుకు కూడా అంటుకుంటుంది. కోడి నడవని దూరం కూడా రోగం నడుస్తుంది, మన కాళ్లతో!

తూలే కోడికల్లా కొక్కెర కాదు

కోడి ముడుచుకొని కూర్చుంటే చాలు, అందరం కొక్కెర అనుకుంటాం. కాని రోగాలు వేరు వేరు. గుర్తుపట్టడం నేర్చుకుంటే కొన్నింటిని కాపాడుకోవచ్చు.

జుట్టు మీద, తమ్మెల మీద, కంటి చుట్టూ పొక్కులు వచ్చి నల్లగా పెచ్చు కడితే అది కోడి మశూచి. ఇళ్లల్లో 'అమ్మతల్లి' అంటారు. దీన్ని దోమలు మోస్తాయి. పొక్కులు చర్మం మీదనే ఉంటే చాలా కోళ్లు కోలుకుంటాయి. నోటి లోపల, గొంతులో వస్తే మేత తినలేక, ఊపిరాడక చనిపోతాయి. దీనికి కూడా ముందుగా వేసే టీకా ఉంది.

మూడు నుంచి ఆరు వారాల పిల్లలు నెత్తురు కలిసిన రెట్ట వేసి నీరసించిపోతుంటే అది కాక్సీడియోసిస్ కావచ్చు. ఇది వైరస్ కాదు, కంటికి కనిపించని ఏకకణ జీవి. తడి నేల, తడి పొట్టు దీనికి పుట్టినిల్లు. తొందరగా గుర్తిస్తే పశువైద్యులు ఇచ్చే మందు నీళ్లలో కలిపి తాగించి పిల్లలను బతికించుకోవచ్చు. గూడు పొడిగా ఉంచడం సగం వైద్యం.

తమ్మెలు వాచి, జుట్టు నీలంగా మారి, పచ్చగా పారుతూ ఉన్నపళంగా పెద్ద కోళ్లు చనిపోతుంటే కోళ్ల కలరా అనుమానించాలి. ఇది బాక్టీరియా రోగం. డాక్టరు చెప్పిన మందు దీనికి పనిచేస్తుంది. మీకు ఒక విశేషం చెప్పాలి. ప్రయోగశాలలో బలహీనపరిచిన క్రిమితో టీకా తయారుచేయవచ్చని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 1879-80 ప్రాంతంలో తెలుసుకున్నది ఈ కోళ్ల కలరా మీద పనిచేస్తున్నప్పుడే. చాలా రోజులు పక్కన పెట్టిన పాత క్రిములను కోళ్లకు ఎక్కిస్తే అవి చావలేదు. తరువాత తాజా క్రిములు ఎక్కించినా తట్టుకున్నాయి. ఈ రోజు మన పసిపిల్లలకు వేసే ఎన్నో టీకాల వెనుక ఆ కోళ్లున్నాయి. మనిషి కోడికి ఋణపడి ఉన్నాడన్నమాట!

పచ్చగా పారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలికపడడం, కాళ్లు రెక్కలు పడిపోవడం, గుడ్లు తగ్గడం లేదా తోలు గుడ్లు పెట్టడం, వరుసగా చావులు. ఇవన్నీ కలిసి కనిపిస్తే కొక్కెర అని గట్టిగా అనుమానించాలి. అయితే బర్డ్ ఫ్లూలో కూడా ఇట్లాంటి లక్షణాలే ఉంటాయి. కంటితో చూసి తేల్చలేం. అందుకే ఒక్కసారిగా నాలుగైదు కోళ్లు చనిపోతే పశువుల దవాఖానలో చెప్పి తీరాలి.

హాస్టల్ నేర్పిన శాస్త్రం

సూక్ష్మజీవుల గురించి నేను యూనివర్సిటీలో చదివాను. కాని అంటురోగం ఎట్లా పాకుతుందో మొదట నేర్చుకున్నది మాత్రం హాస్టల్‌లోనే. మీకు చెప్పనక్కర లేదు. ఒక గదిలో ఒకరికి గజ్జి వస్తే నెల తిరిగేసరికి గదంతా గోక్కునేది. వానాకాలంలో ఒకరికి కళ్లకలక వస్తే మూడు రోజులలో తరగతి మొత్తం ఎర్రకళ్లతో కూర్చునేది. ఒక్కరు మందు రాసుకుంటే గజ్జి పోదు. అందరం ఒకే రోజు రాసుకోవాలి, దుప్పట్లన్నీ ఒకే రోజు ఉడకబెట్టాలి. తువ్వాలు ఎవరిది వారిదే. కొత్తగా జ్వరంతో వచ్చిన పిల్లను కొన్నాళ్లు వేరే గదిలో పడుకోబెట్టాలి. ఇవన్నీ మనకు తెలిసినవే కదా!

కోళ్లకు చేయాల్సింది కూడా సరిగ్గా ఇదే. అంగడి నుంచి కొత్త కోడిని తెస్తే రెండు మూడు వారాలు వేరుగా, వేరే గిన్నెలతో ఉంచాలి. అంగడిలో అమ్ముడుపోక తిరిగి వచ్చిన మన కోడి కూడా కొత్త కోడితో సమానమే. ముడుచుకున్న కోడిని వెంటనే వేరు చేయాలి. మంచి కోళ్లకు ముందు, రోగపు కోడికి తరువాత మేత వేయాలి. ఆ తరువాత చేతులు, కాళ్లు సబ్బుతో కడుక్కోవాలి. కొక్కెర వైరస్ మనుషులకు పెద్దగా హాని చేయదు గాని, ఆ చేతితో కళ్లు నులుముకుంటే మనకూ కొద్దిపాటి కళ్లకలక రావచ్చు. గూడు కింద రెట్ట రోజూ ఎత్తాలి, సున్నం చల్లాలి. చచ్చిన కోడిని కుక్కలు తవ్వలేనంత లోతుగా గుంత తీసి, సున్నం వేసి పూడ్చాలి. చెరువులో, కాలువలో, పెంటకుప్ప మీద వేయరాదు.

పదమూడు ఇండ్లు, ఒక సీసా

ఇవన్నీ చేసినా టీకా లేకుంటే కొక్కెర ముందు నిలబడలేం. టీకాలు ఉన్నాయి. చిన్న పిల్లలకు వారం రోజుల వయసులో లాసోటా అనే చుక్కల మందు కంట్లోనో ముక్కులోనో వేస్తారు, నాలుగు వారాలకు మళ్లీ వేస్తారు. అమెరికాలో ఒక కోళ్ల రైతు ఇంటిపేరు అది, ఆయన ఫారంలోనే ఆ రకం వైరస్ దొరికింది. ఆరు నుంచి ఎనిమిది వారాలు నిండినాక ఆర్-టు-బి అనే టీకాను రెక్క కింద చర్మంలోకి అర మిల్లీలీటరు ఇస్తారు. పెరటి కోళ్లకు దాన్ని ఆరు నెలలకోసారి మళ్లీ వేయించుకుంటే మంచిది. ఈ ఆర్-టు-బి మన దేశపు టీకానే. రాణిఖేత్ ఉన్న ఆ కుమావు కొండలలోనే ఉన్న ముక్తేశ్వర్ పరిశోధన సంస్థలో 1940లలో రూపుదిద్దుకుంది. హైదరాబాద్ శాంతినగర్‌లోని పశువైద్య జీవ ఔషధ సంస్థలో కూడా దీన్ని తయారు చేస్తారు.

మరి ఇన్నేళ్లుగా మా వాడకు ఎందుకు రాలేదు? 2023లో ఎం.ఎస్సీ.లో చేరినాక ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. పశువుల దవాఖానకు పోయి అడిగితే ఒక సీసా చూపించారు. అందులో వంద కోళ్లకు సరిపడే మందు ఉంటుంది. మూత తీసి నీళ్లు కలిపితే రెండు గంటలలోపు వాడేయాలి, తరువాత పనికిరాదు. మా ఇంట్లో ఉన్నవి తొమ్మిది కోళ్లు. తొమ్మిది కోళ్ల కోసం సీసా తెరిస్తే మిగిలిన తొంభై ఒక్క కోళ్ల మందు నేలపాలు. నాకు అప్పుడు అర్థమైంది. షెడ్డు ఉన్నవాడికి ఒక సీసా ఒక పూట పని. మన వాడలో ఎవరింట్లోనూ వంద కోళ్లు లేవు. కాని వాడ మొత్తానికి కలిపితే?

2024 సంక్రాంతి సెలవులలో నోటు పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాను. పదమూడు ఇండ్లు. పెద్ద కోళ్లు 95, పిల్లలు 31. మొత్తం 126. పెద్దవాటికి ఒక సీసా, పిల్లలకు ఒక చుక్కల మందు సీసా సరిగ్గా సరిపోతాయి!

లెక్క కుదిరినంత సులువుగా మనుషులు కుదరలేదు. "సూది ఏస్తే గుడ్లు పెట్టయట" అని ఒకామె. "మందు ఏసినంక చస్తే పైసలు నువ్విస్తవా?" అని ఇంకొకామె. "పోచమ్మకు కోపం వస్తే నీ సూది ఆపుతదా?" అని ఒక పెద్దమ్మ. చదువుకున్న పిల్లనని నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు గాని, కోళ్ల విషయంలో నా మాట ఎందుకు వినాలి? నాకంటే నలభై ఏళ్ల ముందు నుంచి కోళ్లు పెంచుతున్నవాళ్లు. చివరికి నాయినమ్మ లేచి, "పోచమ్మకు కోడిని ఇయ్యాలంటె ముందుగాల కోడి బతికి ఉండాలె గదనే!" అన్నది. అందరూ ఘొల్లున నవ్వారు. నా ఎం.ఎస్సీ. చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది.

ఇంటికి పది రూపాయల చొప్పున 130 రూపాయలు జమ అయ్యాయి. ఐసుకు, సూదులకు, ఆటోకు సరిపోయాయి. వారం ముందే కోళ్లకు నట్టల మందు తాగించాం. ఆ రోజు తెల్లవారక ముందే, కోళ్లు ఇంకా గంపల కింద ఉండగానే, ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య సీసాలు పెట్టుకొని పశువైద్య సిబ్బంది వచ్చారు. నీరసంగా ఉన్నవాటికి టీకా వేయరు, ఆరోగ్యంగా ఉన్నవాటికే వేస్తారు. ఆడవాళ్లు కోళ్లను పట్టి ఇస్తుంటే నేను ఇంటింటి లెక్క రాశాను. గంటన్నరలో సీసాలు ఖాళీ అయ్యాయి.

మూడో రోజు ఒక ఇంట్లో పెట్ట చనిపోయింది. వాడంతా గుసగుసలు. ఆ ఇంటికి పోయి కూర్చున్నాను. టీకా వేసిన తరువాత రక్షణ రావడానికి కొన్ని రోజులు పడుతుందని, ఈ లోపల ఒంట్లో ముందే ఉన్న రోగం ఏదైనా బయటపడవచ్చని, కొన్ని కోళ్లు ఒకటి రెండు రోజులు మందకొడిగా ఉంటాయని చెప్పాను. ఆ పెట్ట ఎందుకు చచ్చిందో పరీక్ష చేయకుండా చెప్పలేనని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మిగతా ఆరు కోళ్లను చూపించి, "ఇవి మంచిగనే ఉన్నయి తియ్" అన్నది.

ఆ ఎండాకాలం చుట్టుపక్కల కోళ్లు పోయాయన్న మాట విన్నాం. మా పదమూడు ఇండ్లలో గంపలు ఖాళీ కాలేదు. ఆరు నెలల తరువాత వాడలోని ఆడవాళ్లే నోటు పుస్తకం రాసుకున్నారు. ఏడో తరగతి చదివే పిల్ల లెక్క రాసింది. అప్పటికి ఇండ్లు పందొమ్మిది అయ్యాయి.

ఆఫ్రికా దేశాల పల్లెలలో కూడా ఈ రోగంతో ఇదే బాధ. ఎండను కొంత తట్టుకునే ఐ-2 అనే టీకాను ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తయారుచేస్తే, మొజాంబిక్, టాంజానియా వంటి దేశాలలో ఊరి ఆడవాళ్లే శిక్షణ పొంది, నాలుగు నెలలకోసారి కోడి కంట్లో చుక్క వేస్తున్నారు. అక్కడ చదువు లేని తల్లులు చేయగలిగిన పని ఇక్కడ మనం చేయలేమా?

బర్డ్ ఫ్లూ వచ్చిన రోజులు

మన దేశంలో మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాలలో కోళ్లు గుట్టలుగా చనిపోయి, మన తెలంగాణలో కూడా కలకలం రేగింది. ఆ ఏడు మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక చిన్నపాప ఈ వైరస్ సోకి మరణించింది. ఆ వార్త చదివిన రోజు, 2019లో తూలుతున్న కోళ్లను ఒడిలో పెట్టుకొని పసుపు నీళ్లు తాగించిన నాయినమ్మే నాకు గుర్తుకొచ్చింది. అది కొక్కెర కాబట్టి సరిపోయింది. ఇంకొకటయితే?

భయపడమని చెప్పడం లేదు. బాగా ఉడికించిన మాంసం, గుడ్లతో ప్రమాదం లేదు. 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది. ప్రమాదం ఉన్నది రోగపు కోడిని పట్టుకోవడంలో, కోయడంలో, ఈకలు పీకడంలో, పచ్చి మాంసం ముట్టుకోవడంలో. పిల్లలను అసలే దగ్గరికి రానీయరాదు. ఈ వైరస్‌ను నీటి పక్షులు, బాతులు మోస్తాయి. మన మండలంలోనే అనంతగిరి దగ్గర అన్నపూర్ణ జలాశయం వచ్చింది. నీళ్లున్న చోటికి పక్షులు వస్తాయి. చెరువు దగ్గర పక్షులు గుంపుగా చచ్చి కనిపిస్తే ముట్టుకోకుండా అధికారులకు తెలపాలి. ఇది కొక్కెరా, బర్డ్ ఫ్లూనా అని తేల్చేది ప్రయోగశాలే. బర్డ్ ఫ్లూ అనుమానం ఉన్న నమూనాలు భోపాల్‌లోని జాతీయ స్థాయి ప్రయోగశాల దాకా పోతాయి.

ఒక కష్టమైన మాట

రోగపు కోడిని అమ్మరాదని రాయడం సులువు. అమ్మకుంటే నాయినమ్మకు వచ్చేది సున్న. అమ్మితే రెండు వందలన్నా వస్తాయి. ఆ రెండు వందలతో పిల్ల ఫీజులో కొంత తీరుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసీ ఆమెతో "అమ్మకు" అని చెప్పాలంటే గొంతు పట్టుకుంటుంది. కాని ఆ కోడి పోయేది ఎవరింటికి? షావుకారు ఇంటికి కాదు. సగం ధరకు కోడి కొనుక్కునేది ఇంకొక నాయినమ్మే. ఆమె గంప కింద కూడా ఎవరో ఒక పిల్ల ఫీజు ఉంటుంది. మన రెండు వందలు ఆ పిల్ల ట్రంకు పెట్టెలోంచి తీసినట్టు లెక్క. అందుకే రోగం వచ్చినాక నీతి చెప్పడం కంటే, రోగం రాకముందు సీసా తెప్పించడం మన బాధ్యత. నష్టపోయిన మనిషికి నీతి చెప్పడానికి చదువు అక్కర లేదు. నష్టం రాకుండా చూడడానికే చదువు కావాలి.

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను తయారుచేశారు. మంచివే. కాని టీకా లేకుంటే ఏ జాతి కోడి అయినా కొక్కెరకు ఒకటే.

సెలవులకు పోయినప్పుడు చేయండి

1. మీ వాడలో ఎన్ని ఇండ్లు, ఎన్ని పెద్ద కోళ్లు, ఎన్ని పిల్లలు ఉన్నాయో నోటు పుస్తకంలో రాయండి. ఆ లెక్క తీసుకొని పశువుల దవాఖానకు పోండి. లెక్కతో పోయిన మనిషిని ఖాళీగా పంపడం కష్టం.

2. ఎండలు ముదరకముందే, అంటే సంక్రాంతి సెలవులలో, ఒకే రోజు అందరి కోళ్లకు టీకా వేయించండి. తేదీ గోడ మీద రాయండి. ఆరు నెలలకు మళ్లీ వేయించండి.

3. కొత్త కోడికి మూడు వారాలు వేరే గంప.

4. ఒక్కసారిగా కోళ్లు చస్తుంటే అమ్మకండి, కోయకండి, పారేయకండి. పూడ్చి, దవాఖానలో తెలపండి.

5. అన్నింటికంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేది వినండి. ఏ కోడి ఎన్నడు మేత మానిందో మన పుస్తకానికి తెలియదు, నాయినమ్మకు తెలుసు.

చెల్లెళ్లూ! మీలో ఎవరైనా పశువైద్యం చదవాలనుకుంటే దూరం పోనక్కర లేదు, మన కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉంది. చదవండి. డాక్టరమ్మలై రండి. చదవలేకపోయినా దిగులు పడకండి. వంద కోళ్లను ఒక్క చోట లెక్కించగలిగిన పిల్ల ప్రతి వాడకూ ఒక్కతి ఉంటే చాలు, కొక్కెర సగం ఓడిపోయినట్టే. ఒక గదిలో పన్నెండు మందిమి పడుకొని, ఒకరి జ్వరాన్ని అందరం కనిపెట్టుకొని పెరిగినవాళ్లం మనం. కలిసి చేసే పని మనకు కొత్త కాదు.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అక్క.